రెక్కకు ముప్పై ప్రశ్నలు

ఒక కాగితం గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటూ వాయిదా వేస్తున్నాను. భుజం నొప్పితో వచ్చినవారిచేత ఆసుపత్రులలో నింపించే ప్రశ్నాపత్రం అది. కథలూ కవితలూ రాసుకునే చోట దానికేం పని అని మిత్రులకు అనిపించవచ్చు. ఆ కాగితాన్ని మా అమ్మ తరఫున నేను నింపాను. తప్పుగా నింపాను. ఆ తప్పు అనువాదానికి సంబంధించినది గనుక ఇక్కడ చెప్పుకోవడం అసందర్భం కాదనుకుంటాను.

మాది స్టేషన్ ఘన్‌పూర్. ఘన్‌పూర్ పేరుతో వేరే ఊళ్ళు కూడా ఉన్నాయి గనుక రైలుస్టేషనే మా ఊరికి ఇంటిపేరైంది. 2016లో జిల్లాలను విడగొట్టినప్పుడు వరంగల్ నుంచి జనగామ జిల్లాలోకి వెళ్ళాము గాని, వైద్యానికైనా, బట్టలకైనా, పుస్తకాలకైనా కాజీపేట మీదుగా హనుమకొండకు పోయే అలవాటు మారలేదు.

2018 వానాకాలంలో అమ్మకు కుడి భుజం పట్టేసింది. అప్పటికామెకు యాభై ఎనిమిదేళ్ళు. పదేళ్ళుగా షుగరు ఉంది. మొదట రాత్రుళ్ళు నొప్పి మొదలైంది. ఆ పక్కకు ఒత్తిగిలితే చాలు, మెలకువ వచ్చేది. ఆ తరువాత చేయి లేవడమే తగ్గింది. ఆ ఏడు సద్దుల బతుకమ్మనాడు పేర్చిన తాంబాళాన్ని ఎప్పటిలా నెత్తిన పెట్టుకోలేక, చిన్న బతుకమ్మనొకదాన్ని ఎడమచేత నడుముకు ఆనించుకొని చెరువుగట్టుకు నడిచింది. దాని గురించి ఆమె ఏమీ అనలేదు. నేనూ ఏమీ అడగలేదు.

ఎముకల డాక్టరు చూసి 'ఫ్రోజెన్ షోల్డర్' అన్నారు. కీలు చుట్టూ ఉన్న పొర మందమై, బిగుసుకుపోయి చేతిని కదలనివ్వదు. నలభై నుంచి అరవై ఏళ్ళ మధ్య ఎక్కువగా వస్తుంది. షుగరున్నవారికి మరీ ఎక్కువ. నొప్పి దశ, బిగుసుకునే దశ, వదిలే దశ అని మూడు దశలుగా నడుస్తుంది. చాలామందికి ఏడాది నుంచి మూడేళ్ళలో సర్దుకుంటుంది గాని, ఆ ఏడాది ఎలా గడవాలన్నదే ప్రశ్న. వ్యాయామాలు చేయించడానికి ఫిజియోథెరపీకి పంపారు. 2019 జనవరిలో మొదటిసారి వెళ్ళాము.

అక్కడ ఫిజియోథెరపిస్టు చేసిన మొదటి పని కోణం కొలవడం. చేయి ముందునుంచి ఎనభై డిగ్రీలే లేచింది. రెండో పనిగా నా చేతికి ఇంగ్లీషులో ఉన్న ఒక పత్రం ఇచ్చి, "సార్, అమ్మగారిని అడిగి టిక్కులు పెట్టండి" అని చెప్పి వేరే రోగి దగ్గరకు వెళ్ళారు. ఆవిడ పనిలో తొందర ఉంది. నాకేమో ఇంగ్లీషు వచ్చుననే ధీమా ఉంది.

ఆ పత్రం పేరు డ్యాష్. 'చేయి, భుజం, హస్తాల అశక్తతలు' అన్న ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాల కూర్పు అది. అమెరికా ఎముకల వైద్యుల అకాడమీ, టొరంటోలోని పని-ఆరోగ్య సంస్థ కలిసి తయారుచేయగా 1996లో వెలువడింది. ముప్పై ప్రశ్నలుంటాయి. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు వరకు అంకెలు. ఏ కష్టమూ లేకపోతే ఒకటి, అసలు చేయలేకపోతే ఐదు. చివరికి లెక్క కట్టి సున్నా నుంచి వంద వరకు ఒక మార్కు ఇస్తారు. బడిలో మార్కులకు తలకిందులుగా ఇక్కడ ఎక్కువ వస్తే ఎక్కువ బాధ.

మొదటి చిక్కు పేరులోనే ఎదురైంది. చేయి, భుజం, హస్తం అని పత్రం మూడు మాటలు వాడింది. మా అమ్మకు భుజం మొదలు వేళ్ళ కొస దాకా ఒకటే మాట, రెక్క. "రెక్క గుంజుతున్నది" అంటుంది. రెక్కాడితే గాని డొక్కాడదని సామెత ఉన్న భాషలో ఆ మాటకు నొప్పీ, పనీ, బతుకూ అన్నీ అతుక్కొని ఉన్నాయి. నేను మాత్రం చదువుకున్నవాడిని గనుక "భుజం" అంటూ అడిగాను.

బిగుతుగా ఉన్న సీసా మూత తీయగలవా అన్నది మొదటి ప్రశ్న. జాడీ అని చెప్తే అమ్మ, "జాడికి మూతేంది బిడ్డా, వాసెన గదా కట్టేది" అంది. హార్లిక్స్ సీసా అని సర్దుకున్నాను. పక్క సర్దడమంటే దుప్పటి మడత పెట్టడమో, మంచాన్ని ఎత్తి గోడకు నిలబెట్టడమో నేనే తేల్చాల్సి వచ్చింది. తేలికైనదాన్నే తేల్చాను. తలకన్నా ఎత్తున బల్బు మార్చడం దగ్గర ఆగిపోయాను, మా ఇంట్లో బల్బు మార్చేది బాపు. తీరిక వేళల ఆటపాటల మీద మూడు ప్రశ్నలున్నాయి. శ్రమలేనివాటికి పేకాట, అల్లిక ఉదాహరణలు. బలం కావలసినవాటికి గోల్ఫు, టెన్నిసు. చేయి స్వేచ్ఛగా ఆడేవాటికి ఫ్రిస్బీ, బ్యాడ్మింటను. బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ తిరగడం ఈ మూడింటిలో ఏ గదిలోకి వస్తుందో నాకు తోచలేదు. మూడూ ఖాళీగా వదిలేశాను. ఇరవై ఒకటో ప్రశ్న దాంపత్యానికి సంబంధించినది. ఏ కొడుకూ తల్లిని అడగలేనిది. ఆ వరుసను కళ్ళతో కూడా దాటేశాను.

అయిదు ఖాళీలతో కాగితం తిరిగిచ్చాను. కనీసం ఇరవై ఏడింటికి జవాబులు లేకపోతే మార్కు లెక్క కట్టడం కుదరదన్నారు ఆవిడ. పోయిన వారంలో చేసే అవకాశం రాకపోతే, చేయాల్సి వస్తే ఎలా ఉండేదో ఊహించి చెప్పాలని పత్రం మీదే ఉంది. అమ్మ అప్పటికే అలసి కళ్ళు మూసుకొని ఉంది. అడగకుండానే బల్బుకూ, పేకాటకూ 'కష్టం లేదు' అని ఒకటేసి పెట్టాను. చేయని పనిలో కష్టమేముంటుందని నా తర్కం. మార్కు 50 వచ్చింది.

ఆ రెండు టిక్కులు ఎంత బరువైనవో తరువాత కాగితం పెన్సిలు పట్టుకొని చూశాను. ఇరవై అయిదు జవాబుల మొత్తం 79. నా ఒకట్లు రెండూ కలిపితే 81. ఇరవై ఏడుతో భాగిస్తే సగటు మూడు, అందులోంచి ఒకటి తీసి ఇరవై అయిదుతో హెచ్చిస్తే 50. ఒకట్ల బదులు అయిదులు పెట్టి ఉంటే 57 దాటేది. ఈ పత్రంలో దాదాపు పది మార్కుల తేడా వస్తే రోగిలో నిజమైన మార్పు వచ్చినట్టు పరిగణించడం వాడుక. అందులో ఏడు మార్కులు అమ్మ రెక్కలోంచి కాక నా పెన్నులోంచి పుట్టాయన్నమాట.

మూడు నెలలు గడిచాయి. వారానికి రెండుసార్లు బస్సులో హనుమకొండ ప్రయాణం. ఇంట్లో గోడకు వేళ్ళు ఆనించి పాకించడం, వేడినీళ్ళ కాపడం. ఏప్రిల్‌లో కోణం నూట ముప్పై అయిదుకు పెరిగింది. అమ్మ రాత్రుళ్ళు నిద్రపోతోంది. ఆ రోజు నాకు పని ఉండి బయట ఉన్నాను. ఫిజియోథెరపిస్టే తీరికగా అమ్మ పక్కన కూర్చొని తెలుగులో అడిగి పత్రం నింపారు. ముప్పైకి ముప్పై జవాబులు. ఇరవై ఒకటో ప్రశ్నకు అమ్మ ఏం చెప్పిందో నాకు తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు.

మార్కు 45.8.

ఆ అంకె చూసి డాక్టరు నుదురు ముడిచారు. "మూడు నెలల్లో నాలుగు మార్కులే. పనిలో మార్పు లేదన్నమాట. ఇంకో నెల చూసి, మత్తిచ్చి భుజాన్ని కదిలించే సంగతి ఆలోచిద్దాం" అన్నారు. అమ్మ ముఖం పాలిపోయింది. ఆయన తప్పేమీ లేదు. చేతికొచ్చిన అంకెను నమ్మారు. ఆ అంకెలో నేనున్నానని ఆయనకెలా తెలుస్తుంది?

బయటికొచ్చాక రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకొని చూశాను. తలంటుకోవడం దగ్గర జనవరిలో నేను మూడు పెట్టాను. అమ్మ "అయితది" అంది గనుక. నిజానికి ఆ నెలల్లో బాపు నీళ్ళు పోస్తే, పక్కింటి వదిన తల రుద్దేది. 'అయితది' అంటే చేయగలనని కాదు, జరిగిపోతుందని. ఆ మాట వింటూ పెరిగిన నేనే దాన్ని తప్పుగా చదివాను. చివరి ప్రశ్న మరీ ఘోరం. 'ఈ సమస్య వల్ల నా సామర్థ్యం, ధైర్యం, ఉపయోగం తగ్గినట్టు అనిపిస్తోంది' అన్న వాక్యాన్ని ఒప్పుకుంటారా అని ముప్పయ్యో ప్రశ్న. జనవరిలో నేను అడగను కూడా అడగలేదు. 'ఒప్పుకోను' అని రెండు పెట్టాను. మా అమ్మ పనికిరాకపోవడమేమిటని కొడుకుగా నా అభిమానం. ఏప్రిల్‌లో ఆవిడ అడిగితే అమ్మ చెప్పిందట: "ఏం అక్కరకొస్తున్న బిడ్డా? ఇంట్ల ఉన్ననంటే ఉన్న." అక్కడ అయిదు పడింది.

మూడు నెలల్లో అమ్మకు నయమైంది. కాగితం మీద నయం కాకపోవడానికి కారణం, మొదటి రోజున ఆమె బాధను నేను తక్కువ చేసి రాయడం.

లోపలికి వెళ్ళి ఉన్నదున్నట్టు ఒప్పుకున్నాను. ఫిజియోథెరపిస్టు నవ్వి, మొదటి కాగితాన్ని అడ్డంగా కొట్టేసి, "దీన్ని మరిచిపోదాం సార్. ఇవాళ్టిదే మొదటిది" అన్నారు. డాక్టరుకు తానే చెప్పారు. మత్తు ప్రసక్తి మళ్ళీ రాలేదు. అదే రోజు ఆవిడ స్పాడి అనే మరో పత్రం కూడా నింపించారు. డ్యాష్‌లో 45.8 వచ్చిన అదే రెక్కకు దానిలో 61 వచ్చింది! రెండూ సున్నా నుంచి వందే, రెండింటా ఎక్కువైతే కష్టమే. ఈ తేడా ఎక్కడిదన్న కుతూహలంతో నేను ఈ పత్రాల వెంట పడ్డాను.

స్పాడి 1991 నాటిది. పదమూడు ప్రశ్నలు. అయిదు నొప్పి మీద, ఎనిమిది పనుల మీద. రెండు భాగాలకూ విడివిడిగా శాతం కట్టి సగటు తీస్తారు గనుక, అయిదు నొప్పి ప్రశ్నలే సగం మార్కును మోస్తాయి. డ్యాష్ మొత్తం చేతిని చూస్తుంది. అంతేకాదు, ఏ చేత్తో చేశారన్నది ముఖ్యం కాదు, పని అయిందా లేదా అన్నదే చూడమంటుంది. మా అమ్మ మూడు నెలల్లో ఎడమచేతికి సగం సంసారం నేర్పింది. తాళం తీయడం, కూర తరగడం, గంప మోయడం అన్నీ ఎడమచేతికి మళ్ళాయి. డ్యాష్ ఆ నేర్పుకు మెచ్చి మార్కు తగ్గించింది. స్పాడి భుజాన్నే పట్టుకొని అడిగింది. రెండూ నిజమే చెప్పాయి. ఒకటి మనిషి ఎలా నెట్టుకొస్తోందో చెప్పింది, రెండోది కీలు ఎలా ఉందో చెప్పింది. స్పాడిలోనూ ప్యాంటు వెనకజేబులోంచి వస్తువు తీయడమనే ప్రశ్న ఉంది. చీరకు వెనకజేబు లేదు గనుక దాన్ని లెక్కలోంచి తీసేశారు. నేను జనవరిలో చేయవలసింది అదే, తెలియనిదాన్ని తెలియదని వదిలేయడం.

ఇంకా ఉన్నాయి. 1996 నాటి ఆక్స్‌ఫర్డు పత్రంలో పన్నెండు ప్రశ్నలు. కత్తీ ఫోర్కూ ఒకేసారి వాడగలరా, భోజనం పళ్ళేన్ని ట్రేలో పెట్టి గది ఈ చివర నుంచి ఆ చివరకు తీసుకుపోగలరా, ఆ చేత్తోనే అల్మారాలో బట్టలు తగిలించగలరా అని అడుగుతుంది. మొదట దానిలో ఎక్కువ మార్కు వస్తే ఎక్కువ బాధ. తరువాత లెక్కను తిప్పి సున్నా నుంచి నలభై ఎనిమిదిగా, ఎక్కువైతే మంచిదిగా మార్చారు. పాత అంకె, కొత్త అంకె పక్కపక్కన పెడితే మునిగిపోయామో తేలామో తెలియదు. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంవారి సులభ పరీక్షలో పన్నెండింటికీ అవును, కాదు అనే రెండే జవాబులు. సాఫ్ట్‌బాల్‌ను ఇరవై గజాలు విసరగలరా అన్నది అందులో ఒకటి. 'అయితది' అనే మా అమ్మ ఆ పత్రంలో బంతి తప్ప అన్నిటికీ అవుననే చెప్పి ఉండేది. 1987లో వచ్చిన కాన్‌స్టెంట్ పద్ధతి మరో దారి. వందలో రోగి మాటకు ముప్పై అయిదు, వైద్యుడు కొలిచే కోణానికీ బలానికీ అరవై అయిదు. ఆ లెక్కన అయితే అమ్మ ఏప్రిల్‌కే చాలా మెట్లు ఎక్కినట్టు కనిపించేది.

ప్రతి పత్రంలోనూ ఒక ఇల్లు దాగి ఉంది. ఒకదాంట్లో పచ్చికబయలు ఉంది, మరొకదాంట్లో భోజనాల బల్ల ఉంది, ఇంకొకదాంట్లో ఆటస్థలం ఉంది. రోగి ఆ ఇంట్లో ఎంత సులువుగా తిరగగలదో చూసి మార్కు వేస్తారు. మా అమ్మ ఇల్లు వేరు. తడి జుట్టును రెండు చేతులా వెనక్కి తీసి సిగ ముడుచుకోవడం, రైక తొడుక్కోవడం, కొంగు వెనకనుంచి లాగి బొడ్లో దోపుకోవడం, చేట పట్టి బియ్యం చెరగడం, చిల్పూరు గుట్ట మీద వెంకటేశ్వరస్వామికి రెండు చేతులెత్తి మొక్కడం వీటిలో ఎక్కడా లేవు. ఉండాలని ఆ పత్రాలు రాసినవారిని నిందించనూ లేము. వారు తమ రోగులను అడిగి రాసుకున్నారు. మన రోగులను అడగవలసింది మనం.

అలా అడగడానికి పద్ధతి ఉందని కూడా తెలిసింది. ఇటువంటి పత్రాలను మరో భాషలోకి తేవడానికి 2000లో ఒక మార్గదర్శకం వెలువడింది. ఇద్దరు విడివిడిగా అనువదించాలి, వారిలో ఒకరికి వైద్యంతో సంబంధం ఉండకూడదు. రెంటినీ కలిపి ఒకటి చేయాలి. మూలం చూడని మరో ఇద్దరు దాన్ని వెనక్కి ఇంగ్లీషులోకి మార్చాలి. అందరూ కూర్చొని చర్చించి, ముప్పై నలభైమంది రోగుల మీద పరీక్షించి, ప్రతి ప్రశ్నా వారికేమని అర్థమైందో కనుక్కోవాలి. 2012లో పొరుగున తమిళంలో స్పాడి ఇలాంటి పరీక్షకు నిలిచింది. ఇంతమంది నెలల తరబడి చేసే పనిని నేను ఒక ప్లాస్టిక్ కుర్చీలో పావుగంటలో ఒక్కడినే చేశాను. పైగా రోగి జవాబు కూడా నేనే చెప్పాను!

అలాగని ఈ పత్రాలు వ్యర్థమని నేననను. వీటి వెనక ఉన్న ఆలోచన గొప్పది. బోస్టన్‌లో ఎర్నెస్ట్ ఆమరీ కాడ్మన్ అనే శస్త్రవైద్యుడుండేవాడు. 'ఫ్రోజెన్ షోల్డర్' అన్న పేరు ఆయన 1934లో భుజం మీద రాసిన పుస్తకంతోనే వాడుకలోకి వచ్చింది. అంతకు చాలా ముందే ఆయన ఒక పట్టు పట్టాడు. వైద్యం చేసి పంపిన ప్రతి రోగినీ ఏడాది తరువాత కూడా కనుక్కోవాలి, ఏమైందో చీటీ మీద రాయాలి, బయట పెట్టాలి అని. సొంత చిన్న ఆసుపత్రి పెట్టి 1911 నుంచి 1916 వరకు చూసిన 337 మంది రోగుల ఫలితాలను, వాటిలో తానే గుర్తించిన 123 పొరపాట్లతో సహా అచ్చువేశాడు. తోటివైద్యులకు అది నచ్చలేదు. 1940లో ఆయన పోయినప్పుడు సమాధికి పేరు చెక్కిన రాయి కూడా లేదు. 2014లో గాని అది వెలియలేదు. తన పొరపాట్లను తానే లెక్కపెట్టుకున్న ఆ మనిషిని తలచుకుంటే, ఈ టపా రాయడానికి నాకు కొంత ధైర్యం వచ్చింది.

మా ఫిజియోథెరపిస్టు చివరికి వాడింది చాలా చిన్న పద్ధతి. అది 1995లో వచ్చింది. అందులో ప్రశ్నలే ఉండవు. మీరు చేయలేకపోతున్న పనులు మూడో నాలుగో మీరే చెప్పండి, ఒక్కోదానికి సున్నా నుంచి పది వరకు మీరే వేసుకోండి అంటారు. పది అంటే మునుపటిలా చేయగలగడం. అమ్మ చాలాసేపు ఆలోచించి మూడు చెప్పింది. సిగ ముడుచుకోవడం, మనవరాలికి రెండు జడలు వేయడం, బతుకమ్మను నెత్తిన పెట్టుకోవడం. రెండు, మూడు, సున్నా వేసింది. ఈ పద్ధతికీ లోపముంది. మా అమ్మ బతుకమ్మను మరొకరి సాఫ్ట్‌బాల్‌తో పోల్చలేరు. వందమంది రోగుల మీద ఏ వైద్యం మేలో తేల్చాలంటే అందరికీ ఒకటే పత్రం కావాలి. ఒక మనిషికి ఏం కావాలో తెలియాలంటే ఆ మనిషినే అడగాలి. రెండూ కావాలి.

2019 అక్టోబరు. సద్దుల బతుకమ్మ. అమ్మ తాంబాళాన్ని రెండు చేతులా ఎత్తి నెత్తిన పెట్టుకుంది. మూలమలుపు దాకా నడిచి, అక్కడ ఆగి, దించి నా భార్య చేతికిచ్చింది. చెరువు ఇంకా సగం దూరముంది. నాకు కళ్ళు చెమర్చాయి. పది వేయాలనిపించి, ఇంటికొచ్చాక "ఎన్ని మార్కులమ్మా?" అని అడిగాను.

"ఆరెయ్యి" అంది.

ఆరే వేశాను.